టింబర్ తాత ఎత్తిన చెయ్యి

పోయిన వారం, తమక అనే ఊళ్ళో మేం అద్దెకున్న ఇంటి వీధి గుమ్మానికి చెదలు పట్టిందని వడ్రంగిని పిలిపించాను. ఆయన చెప్పులు బయట విడిచి, సుత్తి తిరగేసి పట్టుకుని, ద్వారబంధం మీద కింది నుంచి పైకి కొట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. నడుం ఎత్తుకు వచ్చేసరికి చప్పుడు మారింది. డొల్లగా వినిపించింది. అంతే, నా కుడి చెయ్యి దానంతటది పైకి లేచింది. అరచెయ్యి ముందుకు, వేళ్ళన్నీ దగ్గరగా. వంటింట్లో కుక్కర్ కూత పెడుతున్నా పట్టించుకోకుండా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

వడ్రంగి సుత్తి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమక్కా, ట్రాఫిక్ పోలీసు మాదిరి నిలబడుకున్నావు?" అన్నాడు.

నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ చెయ్యి దిగలేదు. అలా చెయ్యెత్తడం నా అలవాటు కాదు. అది ఒక ముసలాయన దగ్గర నాకు అంటుకున్నది. ఆయన పోయి ఏడాదైంది. పేరు చెప్పి ప్రయోజనం లేదు. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు గనిలోనే మిగిలారో, గని మూసేశాక ఏ ఊరికి చెదిరిపోయారో తెలీదు. నేను ఎరిగేనాటికి అందరూ ఆయన్ని టింబర్ తాత అనేవాళ్ళు.

బంగారు గనుల్లో ఆయన పని దుంగలు నిలబెట్టడం. రాయి తొలిచిన చోట పైకప్పు కూలకుండా అడ్డంగా, నిలువుగా దుంగలు పేర్చి ఆపుతారు. ఆ పనివాళ్ళను టింబర్ మేస్త్రీలు అంటారు. మా నాన్నా గని మనిషే గానీ పైన, దిగేవాళ్ళకు దీపాలిచ్చే లైట్ల గదిలో ఉండేవాడు, కిందికి దిగినవాడు కాదు. అందుకని కింది లోకం గురించి నాకు తెలిసిందంతా ఈ ముసలాయన చెప్పిందే.

ఆయన్ని మొదటిసారి చూసింది బేతమంగళం దారిలో ఒక గుట్ట మీద. అప్పుడు నేను ఒక సంస్థలో సర్వే పనికి కొత్తగా చేరాను. ఎక్కడో దూరాన ఉన్న ఒక పెద్ద కంపెనీ, తన ఫ్యాక్టరీలు వదిలే పొగకు బదులుగా మా జిల్లాలో చెట్లు నాటిస్తానంది. చెట్లు పొగను పీల్చుకుంటాయి, వేడి తగ్గుతుంది, అదీ లెక్క. నాటడానికి ఖాళీ నేలలు వెతకాలి. చేతిలో ఫోను పట్టుకుని గుట్టలన్నీ తిరిగి, ఎక్కడ ఏముందో అందులో నొక్కడం నా పని. మొదటి ఉద్యోగం. కాలికి ముళ్ళు గుచ్చుకున్నా గొప్పగానే ఉండేది.

ఆ గుట్ట మీద మొలలోతు పొదల మధ్య, నెత్తిన పాత గని హెల్మెట్, గళ్ళ లుంగీ, ఖాకీ చొక్కా వేసుకుని ఒక ముసలాయన నేల మీద చెవి ఆనించి పడుకుని ఉన్నాడు. వడదెబ్బ తగిలిందేమో అని పరుగున పోయి నీళ్ళ సీసా చాపాను. ఆయన కళ్ళు తెరవకుండా చెయ్యెత్తాడు. నేను సీసా చాపినట్టే నిలబడిపోయాను. ఎంతసేపని. నా భుజం లాగడం మొదలయ్యాక చెయ్యి దించి, లేచి కూర్చుని, "ఇంగ ఇవ్వు" అన్నాడు. సగం సీసా తాగేసి, "ఎవురు బిడ్డవమ్మణ్ణీ నువ్వు?" అని అడిగాడు. అప్పటి నుంచి నేను ఆయనకు అమ్మణ్ణినే.

పేలుళ్ళకు ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి మాత్రం పాము చెవి. ఎవరితోనైనా మాట్లాడాలంటే వాళ్ళను కుడివైపు కూర్చోబెట్టుకునేవాడు. వినడం ఇష్టం లేకపోతే మెల్లగా తిరిగి ఎడమ చెవి ఇచ్చేవాడు. మా సంస్థ సారు గుట్ట చూడటానికి వచ్చినప్పుడు అరగంట సేపు ఎంతో మర్యాదగా ఎడమ చెవి ఇచ్చి, మధ్య మధ్య తలూపాడు. సారు వెళ్తూ "ఎంత శ్రద్ధగా విన్నాడో చూశారా" అన్నాడు నాతో. నవ్వాపుకోలేక చచ్చాను.

ఏ కప్పు కిందికైనా అడుగు పెట్టే ముందు చేతికర్రతో స్తంభాన్ని మూడుసార్లు కొట్టి వినేవాడు. బస్సు షెల్టరైనా అంతే, చర్చైనా అంతే. ఆదివారం ప్రార్థనకు పోయినా ముందు తలుపు కొట్టి, తర్వాతే మోకరిల్లేవాడు. "మా యేసయ్య కూడా కట్టె పనోడే కదా, ఆయన తప్పు పట్టుకోడులే" అనేవాడు. గుట్ట కింద ఒక టీ అంగడి ఉండేది. దాని దూలం కొట్టి చూసి, "ఇది ఇంగ రెండు వానలకు ఉంటాదంతే" అని చెప్పేవాడు, పదిమంది టీ తాగుతుండగా. అంగడామె గరిటె ఎత్తేది. "నోరు ముయ్యి తాతా, నీ వల్ల గిరాకీ పాడవతా ఉండాది" అని తిట్టేది. రెండు వానల తర్వాత దూలం కూలలేదు. మూడో వానకు కూలింది. అప్పటికి ఆమె భయపడి కొత్తది వేయించుకుంటూ ఉంది కాబట్టి ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

గనులు మూసేశాక పంచాయతీవాళ్ళు ఆయన్ని ఆ గుట్టకు కాపలా పెట్టారు. కొన్నాళ్ళకు ఆ పని తీసేశారు. ఈయన మానలేదు. పొద్దున్నే కూతురు మా జిల్లాలోనే ఉన్న నరసాపురం ఫ్యాక్టరీ బస్సు ఎక్కేది, తండ్రి గుట్ట ఎక్కేవాడు, ఒక గిన్నెలో సంగటి, ఉల్లిగడ్డ మూటకట్టుకుని.

ఆ గుట్ట మీద ఏముందని కాపలా? నాకూ మొదట అర్థం కాలేదు. తంగేడు, బందారు, బలుసు, కలివి, అక్కడక్కడా జాలారి. అన్నీ పొదలే. బొటనవేలు లావు కొమ్మలు, ఒక్కో మోడు నుంచి పదేసి. ఒకప్పుడు అదంతా పెద్ద అడవట. గని దుంగలకు కొంత, బాయిలర్లకు కొంత, ఊళ్ళ పొయ్యిలకు కొంత, నేలమట్టానికి నరికేశారు. మొదళ్ళు చావలేదు. చిగురేసినప్పుడల్లా కొడవలి పడేది, లేకపోతే మేకలు పడేవి. ఈయన ఏళ్ళ తరబడి కొడవళ్ళనూ మేకలనూ తరిమాక మొలలోతుకు వచ్చాయి, కొన్ని తల ఎత్తుకు.

"ఈ గుట్ట అడవి యాడికీ పోలేదమ్మణ్ణీ" అనేవాడు దూరంగా బూడిదరంగులో కనిపించే, బంగారం తీసేశాక మిగిలిన పిండి పోసిన సైనేడ్ దిబ్బల వైపు కర్ర చూపించి. "ఆ కింద ఉండాది, నిలబడుకోని. నేనే నిలబెట్టినాను. ఇప్పుడు గనంతా నీళ్ళు నిండినాయి కదా, నీళ్ళలో నానతా ఉండాది పాపం."

ఇంకో మాట కూడా చెప్పేవాడు. "మీరంతా చెట్టును పైనుంచి చూసినోళ్ళు. నేను కిందినుంచి చూసినోణ్ణి." మొదట్లో కోతలు అనుకున్నాను. గనిలోకి దిగే పాత షాఫ్టులో, పై లెవెల్లో రాతి పగులు గుండా ఒక వేరు దిగి రావడం చూశాడట, పిలకలాగా వేలాడుతూ, చివర ఒక నీటి చుక్కతో. పైన ఆ చోట ఏముందో చూద్దామని షిఫ్టు అయి పైకొచ్చాక వెతుక్కుంటూ పోతే, మోకాలెత్తు బలుసు పొద. "అంతే ఉండాది, చూస్తే నవ్వు వస్తాది. కింద చూస్తే తల తిరగతాది."

నేలకు చెవి పెట్టి ఏం వింటావు తాతా అని అడిగితే చాలా రోజులు చెప్పలేదు. ఒకరోజు సంగటి ముద్ద తుంచి నా చేతిలో పెట్టి చెప్పాడు.

"రాయి చెప్పదమ్మణ్ణీ. ఏర్ బ్లాస్ట్ అంటారే, రాయి పేలేది, అది చెప్పకుండా వస్తాది. కట్టె చెప్తాది. బరువు ఎక్కువైతే ముందర సన్నగా కిర్రుమంటాది. ఆ చప్పుడు వినేదానికే నేను చెయ్యెత్తతా ఉంటిని. లైటు ముందర చెయ్యి పెడితే గోడ మీద ఇంత నీడ పడతాది. ఆ నీడ చూసినాక పార కదిలించేదానికి లేదు, దగ్గేదానికి లేదు. కిర్రుమంటే ఎనక్కి పరుగు. లేకుంటే చెయ్యి దించతాను, మళ్ళీ పని." గుట్ట కిందున్న చేన్ల వైపు, ఊరి వైపు కర్ర తిప్పాడు. "ఇది కూడా టింబరే. పైనుంచి పడే ఎండకు, వానకు అడ్డం పెట్టింది. దీన్ని తీసేస్తే ఏం పడతాదో నాకు తెలీదు. పడతాదని మాత్రం తెలుసు."

అప్పటికే మా వైపు ఎండ ఫిబ్రవరిలోనే మొదలయ్యేది. మామిడి పూత మాడిపోయేది, కోత కోసి ఆరబెట్టిన రాగుల మీద కాలం కాని వాన పడేది. నేను ఫోనులో రోజుకు పదిసార్లు వాన కబురు చూసుకునే మనిషిని. ఈయన మాట విన్నాక ఆకాశం చూస్తేనే దడగా ఉండేది.

ఇంత విని, ఇంత దడ పెట్టుకుని, నేను ఏం చేశానో చెప్పాలి కదా. చెప్తాను.

నా ఫోనులో ఫారం ఉండేది. నేల మీద ఏముంది అనే ప్రశ్నకు మూడే జవాబులు: చెట్లు, పైరు, ఖాళీ. రొమ్ము ఎత్తులో మొద్దు మణికట్టు కన్నా లావుగా ఉంటేనే చెట్టు. ఆ గుట్ట మీద ఒక్కటీ ఆ లావు లేదు. పైరు కాదు. మిగిలింది ఒకటే. నొక్కాను. నూరడుగులకోసారి ఆగి, గుట్టంతా తిరిగి, నొక్కుతూ పోయాను.

ఆయన నా పక్కనే నడుస్తున్నాడు. "ఏం రాస్తా ఉండావు?" అన్నాడు.

"ఖాళీ అని, తాతా. అంటే ఏమీ లేదని కాదు..."

"ఖాళీ అంటే ఏమీ లేదనే కదమ్మణ్ణీ?"

"ఇది ఊరికే ఫారం తాతా. దీంతో ఏమీ కాదు."

ఏమవుతుందో నాకు సగం తెలుసు. ఖాళీ అంటే గుంతలు తీస్తారు. గుంతలంటే ముందు నేల చదును చేస్తారు. ఆ సగం తెలిసిన సంగతిని నేను మెదడులో ఒక మూలకు తోసేశాను. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

నెల తిరక్కుండా అనుమతి వచ్చింది. సోమవారం జేసీబీ వస్తుందన్నారు. ఆ వారమంతా ఆయన రోజూ పొద్దున నేను దిగే బస్టాపు దగ్గర హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉండేవాడు. కోప్పడేవాడు కాదు. "మార్చినావా?" అని ఒకే మాట అడిగేవాడు. "ఇంగా లేదు తాతా, సారుతో చెప్తాను" అనేదాన్ని. ఒకరోజైతే అంతకు ముందరి స్టాపులోనే దిగి ఎండలో అడ్డంగా నడిచి పోయాను, ఆయన మొహం చూడలేక.

సారుకు ఒకసారి చెప్పాను. లేదనను. ఆయన చెడ్డవాడేం కాదు, బెంగుళూరు నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుని మాతో పాటు చెట్టుకింద తినే మనిషి. "పొద అడవి ఎలా అవుతుంది మేడమ్? పదేళ్ళలో ఇక్కడ నిజమైన అడవి లేస్తుంది. మీ పిల్లలు చూస్తారు" అన్నాడు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతోంది. సరే సార్ అన్నాను.

సోమవారం నేను పోయేసరికి జేసీబీ గుట్ట మొదట్లో ఉంది. దాని ముందు పది అడుగుల దూరంలో తాత. అడ్డం పడుకోలేదు, అరవలేదు. చెయ్యెత్తి నిలబడ్డాడు, అంతే. నడపడానికి వచ్చిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి, గని పనివాళ్ళకు వరసగా కట్టిన లైన్ ఇళ్ళలో పెరిగినవాడు. చెయ్యి చూడగానే ఇంజను ఆపేశాడు. దిగి వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకాపావన్నా?" అని అడిగాను.

గుసగుసగా చెప్పాడు. "మా నాయన చెప్పినాడక్కా. టింబర్ మేస్త్రి చెయ్యెత్తినాక కదిలినోడు బాగుపడడు. ఎత్తినాయనే దించల్ల. ఇంగెవురూ దించేదానికి లేదు."

బందారు కాయలు గాలికి గలగలమంటున్నాయి. పొద్దు పైకెక్కింది. తాత చొక్కా వీపంతా తడిసింది. గంటో ఎంతో గడిచాక చెయ్యి కిందికి వాలడం మొదలైంది. ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకున్నాడు. అయినా వాలుతూనే ఉంది. అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు.

"అమ్మణ్ణీ, చెయ్యి లాగతా ఉండాది. రోంతసేపు నువ్వెత్తు."

అడిగింది అంతే. మందికి చెప్పమనలేదు, సారుతో పోట్లాడమనలేదు. నా చెయ్యి కదిలింది కూడా. భుజం దాకా వచ్చిందని నాకు గుర్తు. అప్పుడే ఫోను మోగింది. సారు. నేను ఆ చేత్తోనే ఫోను తీసుకుని, నాలుగడుగులు పక్కకు పోయి, "ఆ సార్, మొదలవుతోంది సార్" అన్నాను.

తిరిగి చూసేసరికి తాత కింద కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఒళ్ళో ఉంది. నడిపేవాడు దగ్గరికి పోయి వంగి, "పెద్దాయనా, దించినావా?" అని అడిగాడు. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగాక తాత తలూపాడు. ఇంజను మొదలైంది. మధ్యాహ్నానికి సగం గుట్ట ఎర్రటి మన్నైపోయింది. రెండో రోజుకు, పైన బండలున్న చోట తప్ప, అంతా అయిపోయింది.

నాతో మాట్లాడడేమో అనుకున్నాను. మాట్లాడాడు. వారం తర్వాత టీ అంగట్లో నన్ను కుడివైపు కూర్చోబెట్టుకుని, "నువ్వెత్తలేదని నాకు కోపం లేదమ్మణ్ణీ. నేనూ ఒక తూరి షిఫ్టు అయిపోతా ఉండాదని, కింద నిలబడుకున్నోళ్ళు తొందర చేస్తా ఉండారని, బేగ దించేసినాను" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ముగ్గురు" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు. ఆ మాట తర్వాత నా టీ చల్లారిపోయింది.

మొక్కలు నాటారు. బ్యానరు కట్టి, ఫొటోలు తీసుకుని, వరసలు వరసలుగా. ప్రతి మొక్క పక్కన ఒక కర్ర, కర్రకు అంకె వేసిన రేకు ముక్క. కొన్ని వారాలు ట్యాంకరు నీళ్ళు వచ్చాయి, తర్వాత రాలేదు. ఆ ఎండాకాలం మరీ ముందే వచ్చింది. పొదలు లేని గుట్ట మీద గాలి లేస్తే ఎర్రమన్ను ఊళ్ళోకి కొట్టేది, ఆరేసిన బట్టలు ఎర్రగా అయ్యేవి. ఊరి చేదబావి ఒకటి ఎండింది. దానికీ గుట్టకూ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను, ఆ ఏడు ఎన్నో ఎండాయి. అయినా నీళ్ళ బిందెలు మోసుకుపోయే ఆడవాళ్ళను చూస్తే నా ఫోను ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు.

నా కాంట్రాక్టు పొడిగించారు, వారానికోసారి మొక్కల్ని చూసి రావడం నా పనే. తాత నాతో వచ్చేవాడు. పది అడుగులకోసారి కర్రతో నేలను కొట్టి, వంగి, చెయ్యెత్తేవాడు. నేను ఆగేదాన్ని. "ఏం వినబడుతోంది తాతా?" అంటే, "ఏమీ లేదు. అదే బయ్యంగా ఉండాది" అనేవాడు. మొక్కలు ఒక్కొక్కటే ఎండి పుల్లలయ్యాయి.

వానలు ఆలస్యంగా, ఒక్కసారిగా వచ్చాయి. సగం మన్ను కొట్టుకుపోయింది. నాలుగో వారం తాత బస్టాపు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఆ వయసులో అంత వేగం ఎక్కడిదో. గుంతల మధ్య, వరసల మధ్య, ఎక్కడపడితే అక్కడ ఎర్రటి చిగుర్లు. జాలారి, బలుసు, తంగేడు. జేసీబీ పెరికింది పైదే. కింద తెగిన వేర్లు ముక్క ముక్కా విడిగా లేచాయి. ఆయన హెల్మెట్ తీసి దాంతో మొహం కప్పుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేను పక్కకు తిరిగి నా కళ్ళు తుడుచుకున్నాను.

మరుసటి ఏడాది వానలు పోయాక మళ్ళీ ఫారం వచ్చింది. ఈసారి ప్రతి గుంతకూ రెండే జవాబులు: బతికింది, చచ్చింది. చచ్చినవి ఎక్కువైతే నేల మళ్ళీ చదును చేసి మళ్ళీ నాటుతారు. తాతకు ఒక్కసారి చదివి వినిపించాను. ఆయనకు నాకన్నా ముందే అర్థమైంది.

మొదటి గుంతలో ఎండుపుల్ల. జానెడు దూరంలో మోకాలెత్తు జాలారి. తాత వంగి, పుల్ల పక్కన కర్రకున్న రేకు విప్పి, జాలారి కొమ్మకు కట్టాడు. గనిలో దుంగలు కట్టిన వేళ్ళు కదా, ముడి ఎంత అందంగా వేశాడో.

"రాసుకో. బతికింది."

"తాతా, అది అబద్ధం."

"చెట్టు అబద్ధమా?"

"చెట్టు నిజమే. నాటింది వాళ్ళు కాదు కదా."

"ఎవురు నాటినారని చెట్టు అడగదమ్మణ్ణీ. వాళ్ళ పేరే రాయి. ఉండనీ."

మూడు రోజులు రేకులు విప్పి కట్టాం. నా ఉద్యోగంలో నేను సంతోషంగా ఉన్నవి ఆ మూడు రోజులే. ఆయన ఒక్కో పొదకు పేరు పెట్టేవాడు, వాటిలో కొన్ని గనిలో తనతో పనిచేసినవాళ్ళ పేర్లు. అంగడామె కూడా టీ ఫ్లాస్కులో పోసుకుని పైకెక్కి వచ్చి నాలుగు రేకులు కట్టింది. "నా దూలం కాపాడినావులే తాతా, ఇది నా వంతు" అంది.

మూడో రోజు చివరి రేకు ఆయన చేతిలో ఉండగా అడిగాడు.

"ఈ లెక్క పోయి ఏం చేస్తాదమ్మణ్ణీ?"

చెప్పాను. కంపెనీ ఈ లెక్క చూపిస్తుంది. మా పొగను ఈ చెట్లు పీల్చుకుంటున్నాయి, కాబట్టి మా పొగ లేనట్టే అంటుంది. ఈ మాట నేను గ్రామసభల్లో ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు మాత్రం నేల చూస్తూ చెప్పాను.

"అంటే ఇవి ఉండాయని చెప్పి వాళ్ళు ఇంగా పొగ పెడతారా?"

"పెడతారు."

"ఇవి ముందరనుంచీ ఉండేవే కదా. వాళ్ళు రాకముందరనుంచీ పీలస్తా ఉండేవే కదా?"

"అవును తాతా."

"అట్లయితే ఆ కొత్త పొగ ఎవురు పీలస్తారు?"

ఆయన తన చేతిలోని రేకును చూశాడు. దాన్ని కట్టబోయి ఆగాడు. "రేకులు ఇప్పితే జేసీబీ వస్తాది" అన్నాడు. రేకును వేళ్ళ మధ్య తిప్పి, "ఇప్పకుంటే పొగ వస్తాది" అన్నాడు. నా మొహం చూశాడు, నేనేమైనా మూడో దారి చెప్తానేమోనని. నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు. చివరికి ఆయనే ఆ రేకును బలుసు కొమ్మకు కట్టాడు. కట్టి, నేల వైపు వంగకుండా, నిటారుగా నిలబడి ఆకాశం వైపు చెయ్యెత్తాడు. ఆకాశంలో ఏమీ లేదు, ఒట్టి ఎండ.

లెక్క పంపించాను. గుట్టను ఎవరూ ముట్టుకోలేదు. నా కాంట్రాక్టు మళ్ళీ పొడిగించారు, నేనే కొన్నాళ్ళకు మానేసి తమకలో ఒక బడిలో ఆఫీసు పనికి చేరాను. అప్పుడప్పుడు ఆయనకు ఫోను చేసేదాన్ని. కూతురు ఫోను కుడి చెవికి ఆనించి పెట్టేది. కుశలం అడిగేవాడు కాదు. "ఆ పొగ యాడి దాకా వచ్చిందమ్మణ్ణీ?" అని అడిగేవాడు. మొదట నవ్వులాటగా, బెంగుళూరు బస్సు వచ్చే దారి చెప్పినట్టు, "ఇంకా హోసకోట దాటలేదు తాతా" అనేదాన్ని. ఆయన నవ్వలేదు. తర్వాత నేనూ మానేశాను. ఫోను చేయడమే తగ్గించాను. ఆ ప్రశ్నంటే భయం.

క్రిస్మస్‌కు చేస్తే కూతురు ఎత్తింది. తండ్రిని పాతిపెట్టి అప్పటికి ఇరవై రోజులట. నా నంబరు వెతికే తీరిక లేకపోయిందని నొచ్చుకుంది. చివర్లో ఎలా ఉన్నాడని అడిగాను.

"రెండు దినాలు మాటలేదక్కా. ఆస్పత్రిలో పండుకున్నోడు పండుకున్నట్టే ఉండి, మధ్యాన్నం చెయ్యెత్తినాడు. నర్సు మందుల ట్రే తీసుకోని వస్తా ఉంటే నేను ఆపినాను. పక్క మంచాలోళ్ళు మావోళ్ళే, లైన్ ఇండ్లోళ్ళు. వాళ్ళకు తెలుసు. ఎవురూ మాట్లాడలేదు, ఎవురూ కదల్లేదు. ఫ్యాన్ కూడా ఆపేసినారక్కా."

"తర్వాత దించాడా?"

"లేదక్కా. మేమే దించినాము."

ఎత్తినవాడే దించాలి. ఇంకెవరికీ అధికారం లేదు. గుట్ట మీద ఆ రేకులు ఇంకా ఉన్నాయి, తుప్పు పట్టి, కొమ్మలు లావై ముడుల్లోకి ఒరుసుకుంటూ. ఇప్పుడు కొలిస్తే కొన్ని చెట్ల లెక్కలోకే వస్తాయి. ఈ ఏడాది కూడా ఎండ ముందే వచ్చింది.

వడ్రంగి సుత్తి పట్టుకుని ఇంకా నా మొహమే చూస్తున్నాడు. "ఇంగ కొట్టేదా అక్కా?" అన్నాడు.

ఆ రోజు గుట్ట మీద భుజం దాకా వచ్చి ఆగిన చెయ్యి, ఇన్నేళ్ళకు, ఎవరూ అడక్కుండా, అద్దె ఇంటి గుమ్మం ముందు పూర్తిగా లేచింది. నొప్పిగా ఉంది. ఎడమ చేత్తో మోచెయ్యి పట్టుకున్నాను.

"రోంతసేపు ఉండన్నా" అన్నాను.